వానలోనూ కిటికీ తీయాలి: చలిదేశపు అద్దె ఇంట్లో చెమ్మ లెక్క

ఇంగ్లండ్‌లో నా మొదటి చలికాలం. తెల్లారి లేచేసరికి కిటికీ అద్దం నిండా నీళ్ళు. ధారలు కట్టి ఫ్రేమ్ మీదకి, అక్కడి నుంచి గోడ మీదకి కారుతున్నాయి. కాకినాడలో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "రాత్రంతా వాన అంటున్నావుగా, కిటికీ సరిగ్గా వేసినట్టు లేవు. గట్టిగా బిగించెయ్యి. వానగాలి తగిలితే ఇల్లంతా చెమ్మెక్కుతుంది" అంది. అలాగే చేశాను. కిటికీ ఫ్రేమ్ పైభాగంలో సన్నటి గాలి సందు ఒకటుంటే దానికి కూడా టేపు అంటించాను. రెండు నెలల తర్వాత మంచం కింది సూట్‌కేసు తెరిస్తే పెళ్ళినాటి పట్టుచీర మీద తెల్లటి బూజు.

అమ్మ చెప్పిన మాటలో తప్పు లేదు. కాకినాడలో అది అక్షరాలా నిజం. ఇంగ్లండ్ చలికాలంలో మాత్రం అది పూర్తిగా తలకిందులవుతుంది. ఎందుకు తలకిందులవుతుందో తెలిస్తే, ఈ సమస్యలో పెద్ద భాగం పైసా ఖర్చు లేకుండానే తీరుతుంది. తెలియకపోతే ఏవేవో డబ్బాలు, స్ప్రేలు, రంగులు కొంటూ చలికాలం తర్వాత చలికాలం గడిపేస్తాం. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, చిన్న పిల్లలున్న కుటుంబాలు, ఇలా ఎంతోమంది మనవాళ్ళు పాత అద్దె ఇళ్ళలో ఈ చెమ్మతోనే అవస్థ పడుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

గాలి ఎన్ని నీళ్ళు మోస్తుంది

గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటిని మోయగలదు. 20 డిగ్రీలకి అది 17 గ్రాములకి, 10 డిగ్రీలకి 9 గ్రాములకి పడిపోతుంది. 5 డిగ్రీల దగ్గరైతే 7 గ్రాములు కూడా పట్టవు. వాతావరణ వార్తల్లో వినే తేమ శాతం, గాలి ఆ క్షణాన మోయగలిగినదాంట్లో ఎంత వంతు మోస్తోందో చెబుతుంది. నిజంగా ఎన్ని గ్రాముల నీళ్ళున్నాయో తెలియాలంటే ఉష్ణోగ్రత కూడా చూడాలి.

డిసెంబరులో ఒక రోజు తీసుకుందాం. బయట 5 డిగ్రీలు, సన్నగా వాన, తేమ 90 శాతం. ఆ గాలి నీళ్ళతో నిండిపోయి ఉంటుందని అనుకుంటాం. కానీ అందులో ఉన్నది ఘనపు మీటరుకి 6 గ్రాములే. అదే గాలి మన గదిలోకి వచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే దాని తేమ శాతం 35కి దిగిపోతుంది. ఆరిన తువ్వాలులా గదిలో తేమని పీల్చుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు ఆగస్టులో కాకినాడ చూడండి. 29 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే ఘనపు మీటరుకి 23 గ్రాములు. అక్కడ కిటికీ తీస్తే బయటి నీళ్ళు లోపలికి వస్తాయి. ఇక్కడ తీస్తే లోపలి నీళ్ళు బయటికి పోతాయి. వాన పడుతున్నా సరే, చినుకు లోపలికి కొట్టనంత వరకు కిటికీ తీయడమే మేలు.

మరి అద్దం మీది నీళ్ళు ఎక్కడివి? మనవే. నిద్రపోయే మనిషి ఊపిరిలో, చెమటలో కలిపి గంటకి సుమారు 40 గ్రాముల నీరు గాలిలోకి పోతుంది. ఇద్దరు 8 గంటలు పడుకుంటే అర లీటరు దాటుతుంది. ఇక గది సంగతి. మూడు మీటర్లకు నాలుగు మీటర్ల చిన్న బెడ్రూమ్‌లో దాదాపు 30 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ గాలంతా కలిసి పూర్తిగా నిండినా మోయగలిగింది అర లీటరు పైచిలుకే. రాత్రి పడుకునేటప్పటికే అందులో సగం నిండి ఉంటుంది. తలుపు, కిటికీ బిగించుకుని ఇద్దరు, పసిపిల్ల ఉంటే ముగ్గురు, పొద్దుటిదాకా ఊపిరి తీస్తే మిగతా నీళ్ళు ఎక్కడికి పోవాలి? కొంత పరుపులోకి, దుప్పట్లలోకి పోతుంది. మిగిలింది గదిలో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటికి, అంటే కిటికీ అద్దానికి చేరుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి బయట చెమట పట్టేదీ ఇందుకే.

20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గదిలో 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా నీళ్ళు పడతాయి. ఒంటి పొర అద్దం చలికాలపు రాత్రి అంతకన్నా బాగా చల్లబడుతుంది. కాబట్టి అద్దానికి చెమట పట్టడం అంతా మీ తప్పని అనుకోకండి.

నిజంగా భయపడాల్సింది అద్దం గురించి కాదు. బూజుకి నీటి బొట్టు అక్కర్లేదు. గోడకి ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దగ్గర కొన్నాళ్ళు నిలిస్తే చాలు, బూజు మొదలవుతుంది. ఇందాకటి గదిలోనే బయటి గోడ మూల 15 డిగ్రీలకి చల్లబడితే, ఆ మూల దగ్గర తేమ 80 దాటేస్తుంది. చేత్తో తడిమితే గోడ పొడిగానే ఉంటుంది. అద్దం మీది నీళ్ళు కనిపిస్తాయి కాబట్టి రోజూ తుడుస్తాం. బీరువా వెనక మూల కనిపించదు, అక్కడ నల్ల చుక్కలు నిశ్శబ్దంగా పెరుగుతాయి.

ముందు ఏ చెమ్మో తేల్చుకోండి

ఇంట్లో చెమ్మ మూడు దారుల్లో వస్తుంది. ఒకటి ఇప్పటిదాకా చెప్పుకున్నది, లోపలి ఆవిరి చల్లటి చోట నీరవడం. రెండోది బయటి నుంచి లోపలికి దిగేది: పగిలిన పెంకు, ఆకులతో పూడిపోయిన వాన కాలువ, ఊడిన సిమెంటు అతుకులు, గోడలో పగిలిన పైపు. మూడోది నేలలోంచి గోడలోకి ఎక్కేది. ఈ మూడింటికి మందు ఒకటి కాదు. కారే కాలువ ఉన్న ఇంట్లో ఎన్ని కిటికీలు తెరిచినా గోడ ఆరదు. ఊపిరి ఆవిరితో తడిసిన గోడకి వేల పౌండ్లు పెట్టి పునాదిలో రసాయనం ఎక్కించినా బూజు ఆగదు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే అని నా నమ్మకం.

గుర్తులు చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. నల్ల చుక్కల బూజు చలికాలంలోనే వస్తూ, మూలల్లో, కిటికీ చుట్టూ, సామాన్ల వెనక కనిపిస్తే అది ఆవిరి చెమ్మ. వాన పడ్డ ప్రతిసారీ ముదిరే గోధుమరంగు మరక, అదీ ఒకే చోట ఉంటే, బయటి నుంచి దిగుతున్న నీళ్ళు. కింది అంతస్తులో నేల నుంచి దాదాపు మీటరు ఎత్తు వరకే పాకి, అంచున తెల్లటి ఉప్పు పొంగి, గార పొడిపొడిగా రాలుతుంటే నేల చెమ్మని అనుమానించాలి. మన ఊళ్ళలో పాత ఇళ్ళ గోడలు ఉప్పు తేలడం చూసినవాళ్ళకి ఇది తెలిసిన దృశ్యమే. నేల చెమ్మ మేడ మీది బెడ్రూమ్‌కి మాత్రం ఎక్కదు.

ఇంకా అనుమానం ఉంటే వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ చాలు. గోడని ఆరనిచ్చి, పుస్తకమంత ఫాయిల్ ముక్కని నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. గది వైపు తడిస్తే చెమ్మ గదిలోది. గోడ వైపు తడిస్తే చెమ్మ గోడలోది. గోడకి గుచ్చి చూసే ఎలక్ట్రిక్ మీటర్లు ఉప్పు ఉన్నా తడి ఉన్నట్టే చూపిస్తాయి. అందుకని చెమ్మ మందు అమ్మే కంపెనీవాళ్ళు మీటరు ఒక్కటి పెట్టి చెప్పే తీర్పుని వెంటనే నమ్మకండి.

అద్దం విషయంలోనూ తేడా ఉంది. రెండు పొరల అద్దాల మధ్య మంచులా పట్టి, ఏ వైపు తుడిచినా పోకపోతే ఆ అద్దం సీలు పోయింది. దాన్ని మార్చాల్సింది ఇంటి యజమాని. అద్దం బయటి వైపు పొద్దున్న నీళ్ళు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, లోపలి వేడి బయటికి పోవడం లేదని దాని అర్థం. విశాఖలో ఏసీ గది అద్దానికి బయట చెమట పట్టేది మాత్రం వేరే కథ. అక్కడ తేమ బయట ఉంది, చలి లోపల ఉంది.

ఖర్చు లేని పనులు

జర్మనీలో ఉండే తెలుగు విద్యార్థులకి ష్టోస్‌లుఫ్టన్ అనే మాట ఇల్లు అద్దెకి తీసుకున్న వారంలోనే వినపడుతుంది. కిటికీని ఓరగా కాకుండా పూర్తిగా బార్లా తెరిచి, వీలైతే ఎదురు గది కిటికీ కూడా తీసి, 5 నుంచి 10 నిమిషాల్లో గాలి మొత్తం మార్చేసి మూసేయడం. రోజుకి రెండు మూడుసార్లు. ఇంగ్లండ్ ఇళ్ళకి కూడా నేను చెప్పేది అదే. రోజంతా ఓరగా వదిలేస్తే కిటికీ చుట్టూ గోడ చల్లబడి అక్కడే బూజుకి చోటు దొరుకుతుంది. కొద్ది నిమిషాలు బార్లా తెరిస్తే గాలి మారుతుంది, గోడల్లోని వేడి అలాగే ఉంటుంది.

వేడంతా పోతుందని చాలామంది భయం. బిల్లు టెన్షన్ నాకూ ఉండేది, అందుకే లెక్క వేసి చూశాను. 30 ఘనపు మీటర్ల చల్లటి గాలిని 5 నుంచి 20 డిగ్రీలకి వేడి చేయడానికి పట్టేది 0.15 యూనిట్లు. గ్యాస్ బాయిలర్ ఉన్న ఇంట్లో ఇది దాదాపు ఒక పెన్నీ. కరెంటు హీటరైతే 4 పెన్నీలు. పొద్దున లేవగానే పడకగదిలో ఒకసారి, వంట అయ్యాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. దీనికి మించి చవకైన మందు లేదు.

రెండో పని, ఆవిరిని పుట్టిన గదిలోనే బంధించి బయటికి పంపడం. మన వంటలో ఆవిరి ఎక్కువ. అన్నం ఉడకాలి, పప్పు కుక్కర్ కూత వేయాలి, ఇడ్లీ పాత్ర పొగలు కక్కాలి. వాటిని మానమని నేను చెప్పను. వంటింటి తలుపు మూసి, ఫ్యాన్ వేసి, గిన్నెల మీద మూతలు పెట్టి వండితే చాలు. ఇక్కడ ఒక సంగతి తప్పక చూడండి. పొయ్యి మీద పొగ లాగే హుడ్‌కి బయటికి పోయే గొట్టం ఉందా? చాలా అద్దె ఇళ్ళలో ఉండదు. అది గాలిని బొగ్గు వడపోతలోంచి పీల్చి మళ్ళీ గదిలోకే వదులుతుంది. పోపు వాసన కొంత తగ్గుతుంది కానీ ఆవిరి గదిలోనే ఉంటుంది. అలాంటి ఇంట్లో కిటికీయే దిక్కు. గ్యాస్ మంటలోంచి కూడా నీటి ఆవిరి పుడుతుంది, కాబట్టి ఖాళీ పెనం కాలుతున్నా ఆవిరి వస్తున్నట్టే.

స్నానాల గదిలో ఫ్యాన్ తిరుగుతోందంటే పనిచేస్తోందని కాదు. ఒక టిష్యూ కాగితం దాని మీద పెట్టండి. అంటుకుని నిలిస్తే సరే, జారి పడితే లోపల దుమ్ము పేరుకుంది లేదా ఫ్యాన్ చచ్చింది. ఇంగ్లండ్ భవన నిబంధనల ప్రకారం స్నానాల గది ఫ్యాన్ సెకనుకి 15 లీటర్ల గాలి లాగాలి, వంటింటిదైతే పొయ్యి దగ్గర 30, వేరే చోట పెడితే 60 లీటర్లు. స్నానం అయ్యాక ఇంకో 15, 20 నిమిషాలు తలుపు మూసి ఫ్యాన్ తిరగనివ్వాలి. బకెట్‌తో స్నానం చేసేవాళ్ళు ముందు చన్నీళ్ళు పట్టి ఆ పైన వేన్నీళ్ళు కలిపితే ఆవిరి బాగా తగ్గుతుంది.

ఇక బట్టలు. ఒక లోడు తడి బట్టలు ఇంట్లో ఆరేస్తే దాదాపు 2 లీటర్ల నీళ్ళు గాలిలోకి వదిలినట్టే. ఇందాకటి గది మోయగలిగినదానికి ఇది నాలుగింతలు. హాల్లో గదిని వేడి చేసే రేడియేటర్ల మీద బట్టలు పరవడం, సూట్‌కేసులో బూజు పట్టడం, నా ఇంట్లో ఈ రెండింటి మధ్య సంబంధం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్ని బట్టలూ ఒకే గదిలో, చిన్న గదైతే మరీ మంచిది, తలుపు మూసి, కిటికీ కొద్దిగా తీసి లేదా ఫ్యాన్ వేసి ఆరేయండి. మెషిన్‌లో ఇంకోసారి స్పిన్ తిప్పితే ఖర్చు అతి తక్కువ, బట్టల్లో నీళ్ళు చాలా తగ్గుతాయి.

కిటికీ ఫ్రేమ్ పైన ఉండే సన్నటి సందుని ట్రికిల్ వెంట్ అంటారు. దానికి నాలా టేపు వేయకండి. చలి గాలి మెడకి తగులుతోందనిపిస్తే మంచం జరుపుకోండి. బయటి గోడకి ఆనించి పెట్టిన బీరువాని, సోఫాని నాలుగు వేళ్ళంత ముందుకి లాగండి. పెట్టెలు, సూట్‌కేసులు చల్లటి నేల మీద కాకుండా చెక్క మీదో అట్ట మీదో పెట్టండి. పట్టుచీరలు, శాలువాలు ఇంటి లోపలి గోడ వైపున్న అలమరలో దాచండి.

పొద్దున్న అద్దం మీది నీళ్ళు తుడవడం మంచి అలవాటే. తుడిచిన గుడ్డని సింకులో పిండి, బయటో స్నానాల గదిలోనో ఆరేయాలి. రేడియేటర్ మీద వేస్తే ఆ నీళ్ళు మళ్ళీ గాలిలోకే వస్తాయి.

అన్నిటికన్నా కష్టమైనది వేడి. ఖర్చు మిగుల్చుకోవాలని ఒక్క గదే వేడి చేసుకుని మిగతావి వదిలేస్తే, వెచ్చటి గదిలోని ఆవిరి పాకుతూ పోయి చల్లటి గదుల గోడల మీద నీరవుతుంది. చల్లటి గది తలుపులైనా మూసి ఉంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చలిదేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంటాయి. గంటసేపు బాగా మండించి తర్వాత పూర్తిగా ఆపేయడం కన్నా తక్కువ వేడిని ఎక్కువసేపు ఉంచితే గోడలు చల్లారిపోవు. చవక అని సిలిండర్‌తో నడిచే గ్యాస్ హీటర్ మాత్రం తేకండి. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి నేరుగా గదిలోకి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం వేరే.

కొనదలిస్తే ఏం కొనాలి

మొట్టమొదట హైగ్రోమీటర్, అంటే గదిలో తేమ శాతం చూపే చిన్న మీటరు. 5 నుంచి 10 పౌండ్లకి దొరుకుతుంది. గదిలో తేమ 40 నుంచి 60 మధ్య ఉంటే సరే. రోజులో ఎక్కువసేపు 65, 70 దాటుతుంటే ఏదో ఒకటి మార్చాలి. ఈ చిన్న మీటరు ఇంట్లో వాదనలు తగ్గిస్తుంది. కిటికీ తీస్తే తేమ పెరుగుతుందనే హౌస్‌మేట్‌కి, తీసిన పది నిమిషాల్లో అంకె పడిపోవడం చూపిస్తే చాలు.

ఆ తర్వాత ఒంటి పొర అద్దాలున్న గదికి కిటికీ ఫిల్మ్. ఫ్రేమ్‌కి రెండు వైపులా అంటుకునే టేపు వేసి, పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే బిగుసుకుంటుంది. 10 పౌండ్లకి రెండు మూడు కిటికీలకి వస్తుంది. ఎండగా ఉన్న రోజు, అద్దం పూర్తిగా ఆరాక, ఎక్కడా సందు లేకుండా అంటించాలి. సందు ఉంటే వెనక నీళ్ళు చేరి తుడవడానికి కూడా వీలుండదు. మంటలొస్తే తప్పించుకోవాల్సిన కిటికీకి, రోజూ తీసే కిటికీకి వేయొద్దు.

బట్టలు ఇంట్లోనే ఆరేయక తప్పనివాళ్ళకి, చిన్న ఇంట్లో ఎక్కువమంది ఉన్నవాళ్ళకి డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమని నీళ్ళుగా లాగే యంత్రం, నిజంగా పనికొస్తుంది. 120 నుంచి 200 పౌండ్ల మధ్య మంచివి వస్తాయి. నలుగురు హౌస్‌మేట్స్ పంచుకుంటే భారం కాదు. రోజుకి 20 లీటర్లు అని డబ్బా మీద రాసి ఉంటుంది, కానీ ఆ అంకె 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినది. కాకినాడ ఆగస్టులో అన్ని నీళ్ళు వస్తాయేమో. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జనవరి గదిలో అందులో చిన్న భాగమే వస్తుంది. మెషిన్ పాడైందని కంగారుపడకండి. కంప్రెసర్ రకం 200 వాట్ల దగ్గర నడుస్తుంది. ఐదు గంటలకి ఒక యూనిట్, అంటే 2025 ధరల్లో 25 నుంచి 27 పెన్నీలు. ఆ కరెంటు మొత్తం చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది, ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడి దానికి అదనం. 15 డిగ్రీల కన్నా చల్లగా ఉండే గదికి, గ్యారేజీకి తేమ పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం బాగా పనిచేస్తుంది, అయితే కరెంటు రెట్టింపు పైగా తాగుతుంది. ఏది కొన్నా కిటికీ, తలుపు మూసి వాడాలి. కిటికీ తెరిచి నడిపితే వీధిలో గాలిని ఆరబెడుతున్నట్టు.

సూపర్‌మార్కెట్‌లో అమ్మే తేమ పీల్చే డబ్బాల గురించి నన్ను చాలామంది అడుగుతారు. అందులో ఉండేది కాల్షియం క్లోరైడ్. ఒక డబ్బా వారాల తరబడి పీల్చి అర లీటరు నీళ్ళు పడుతుంది. మీ గదిలో ఒక్క రాత్రికే అంత ఆవిరి పుడుతోంది. మూసి ఉన్న బట్టల అలమరకి సరిపోతుంది, గదికి సరిపోదు. గిన్నెలో ఉప్పు, గిన్నెలో బియ్యం పెట్టే చిట్కాలకి ఈ మాత్రం శక్తి కూడా లేదు. బూజుని ఆపుతుందని అమ్మే రంగు, కారణం పోయాక వేస్తే కొంత రక్ష. కారణం ఉండగా వేస్తే కొన్ని నెలల్లో దాని మీదే మళ్ళీ బూజు.

బూజు కడగడం, ఒంటికి నెమ్ము

మన భాషలో గోడకి పట్టిన తడినీ, ఊపిరితిత్తులకి పట్టిన జబ్బునీ ఒకే మాటతో నెమ్ము అంటాం. చిన్నప్పుడు నాయనమ్మ "తడి గోడకి ఆనుకోకు, నెమ్ము చేస్తుంది" అంటే పాత మాటలని కొట్టిపారేశాను.

2020 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు చనిపోయాడు. వాళ్ళు ఉండేది సామాజిక గృహ సంస్థకి, అంటే తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థకి, చెందిన ఫ్లాట్. ఇంట్లో బూజు ఉందని తండ్రి 2017 నుంచీ చెబుతూ వచ్చారు, మీద రంగు వేసుకోమని జవాబు వచ్చింది. ఆ ఫ్లాట్‌లో చాలా కాలం బూజు పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ జబ్బే బిడ్డ ప్రాణం తీసిందని 2022 నవంబరులో మరణ కారణాన్ని విచారించే అధికారి (కరోనర్) తేల్చారు. ఇంట్లో పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్ళు, వృద్ధులు ఉంటే బూజుని చూసీచూడనట్టు వదలకూడదు. దగ్గు తగ్గని బిడ్డని డాక్టరుకి చూపించేటప్పుడు ఇంట్లో బూజు ఉందన్న మాట కూడా చెప్పండి.

చదరపు మీటరు కన్నా తక్కువ మేర ఉంటే మీరే కడగొచ్చు. చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్క్, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. కిటికీ తీసి, గది తలుపు మూసి, పిల్లల్ని బయట ఉంచండి. పొడి బ్రష్‌తో గీకకండి, బూజు రేణువులు గదంతా ఎగురుతాయి. సబ్బు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారేసి, గోడని పొడి గుడ్డతో ఆరేదాకా అద్దండి. బూజు మందు స్ప్రే వాడితే డబ్బా మీద రాసినట్టే వాడండి. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ, ఇతర క్లీనర్లతో గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని చేయొద్దు. మేర ఇంతకన్నా ఎక్కువైతే, లేదా కారణం కారే నీళ్ళయితే, అది మీరు చేయాల్సిన పని కాదు.

ఇంటి యజమానితో

మా మొదటి ఇంటి యజమానికి బూజు ఫోటోలు పంపితే వచ్చిన జవాబు ఒక్కటే: మీరు వంట ఎక్కువ చేస్తారు, కిటికీలు తీయరు. ఆ మాట విన్నప్పుడు సిగ్గుతో నోరు మూసుకున్నాను. ఇప్పుడైతే అలా ఊరుకోను. అందులో కొంత నిజం ఉండొచ్చు, అందుకే పైన అంత వివరంగా రాశాను. కానీ వంట చేసుకోవడం, స్నానం చేయడం, ఊపిరి తీయడం తప్పులు కావు. మామూలు జీవితం గడిపే కుటుంబాన్ని ఆ ఇల్లు భరించలేకపోతే లోపం ఇంటిలో ఉంది. పాత ఇటుక ఇళ్ళ గోడలు ఒంటి గోడలు, మధ్యలో గాలి ఖాళీ ఉండదు, బయటి చలి నేరుగా లోపలికి దిగుతుంది. ఒకప్పుడు బొగ్గు పొయ్యి మండుతూ గదిలోని గాలిని పొగ గొట్టంలోంచి లాగేసేది. ఆ గొట్టాలు మూసేసి, కిటికీలు బిగువుగా మార్చి, ఫ్యాన్లు మాత్రం పెట్టకపోతే ఆవిరికి దారేది?

అద్దెదారుల జీవనశైలి మీదకి నెట్టే ఈ అలవాటు మానాలని 2021లో ఇంగ్లండ్‌లో ఇళ్ళ ఫిర్యాదులు విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ నివేదికే గట్టిగా చెప్పింది. చట్టంలోనూ మార్పు వచ్చింది. 1985 నాటి చట్టం కింద యజమాని ఇంటి నిర్మాణాన్ని మరమ్మతు చేయాలి. కానీ ఇంటి నిర్మాణ తీరు వల్ల పట్టే ఆవిరి చెమ్మ మరమ్మతు కిందకి రాదని 1985లోనే ఒక అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది. అద్దెదారులు చాలా ఏళ్ళు ఆ సందులోనే ఇరుక్కున్నారు. ఇల్లు మనుషులు నివసించడానికి తగినట్టుగా ఉండాలనే 2018 చట్టం, 2019 మార్చి నుంచి అమలులోకి వచ్చి, ఆ సందుని మూసింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో చెమ్మ ఇంటి నిర్మాణ తీరు వల్లే వచ్చినా, ఇల్లు నివాసానికి తగదని చూపగలిగితే యజమానిని అడగొచ్చు.

ఆ బిడ్డ పేరు మీదే వచ్చిన అవాబ్ చట్టం 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాలకి వర్తిస్తోంది. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లో కదలాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పని దినాల్లో పరిశీలించి, ఆ తర్వాత 5 పని దినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. ప్రైవేటు అద్దె ఇళ్ళకి కూడా దీన్ని విస్తరించే వీలు 2025 నాటి రెంటర్స్ రైట్స్ చట్టంలో ఉంది. స్కాట్లండ్, వేల్స్‌లో ఉండేవాళ్ళకి చట్టాలు వేరు.

యజమానికి ఫోన్లో చెప్పి ఊరుకోకండి, ఈమెయిల్ రాయండి. మొదట ఎప్పుడు చూశారు, ఏ గదిలో, ఎంత మేర, ఇంట్లో ఎవరికి ఆరోగ్య సమస్య ఉంది, మీరు ఇప్పటికే ఏమేం చేశారు. హైగ్రోమీటర్ అంకెల్ని రెండు వారాల పాటు పొద్దున, రాత్రి రాసి జత చేయండి. "రోజుకి మూడుసార్లు కిటికీ తీస్తున్నాను, గది 18 డిగ్రీలు ఉంది, బట్టలు ఇంట్లో ఆరేయడం లేదు, అయినా తేమ 75 దగ్గరే ఉంది" అని రాయగలిగితే జీవనశైలి మాట మళ్ళీ రాదు. పనిచేయని ఫ్యాన్, బయటికి పోని హుడ్, పూడిన వాన కాలువ, సీలు పోయిన అద్దం, వీటిని విడివిడిగా పేరు పెట్టి అడగండి. జవాబు రాకపోతే స్థానిక కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు, వాళ్ళు వచ్చి ఇల్లు తనిఖీ చేసి యజమానికి నోటీసు ఇవ్వగలరు. కోపంతో అద్దె కట్టడం మాత్రం ఆపకండి, ఆ ఒక్క తప్పుతో ఇల్లే చేజారొచ్చు.

ఇంకా ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళకి ఈ కష్టమంతా తప్పించుకునే అవకాశం ఉంది. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పది నిమిషాలు ఎక్కువ తీసుకోండి. వాన పడిన మర్నాడు వెళితే ఇంకా మంచిది. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన వస్తోందేమో గమనించండి. బీరువా వెనక ఫోన్ లైటు వేసి చూడండి. కిటికీలు అసలు తెరుచుకుంటాయా లేక రంగుతో అతుక్కుపోయాయా చూడండి. స్నానాల గది ఫ్యాన్‌కి టిష్యూ అంటించి చూడండి, ఎవరూ ఏమీ అనరు. గదంతా పాత రంగు ఉండి ఒక్క మూలలో మాత్రం కొత్త రంగు కనిపిస్తే, అక్కడ అంతకు ముందు ఏముండేదో అడగండి.